చెత్త నుంచి కరెంటు: మా ప్లాంటు తొలి ఏడాది, నా అనుభవం

బొగ్గు ప్లాంట్లలో చాలా ఏళ్లు బాయిలర్ ఇంజినీరుగా చేసి, మున్సిపల్ చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటులో చేరాను. అప్పటికి కట్టడం దాదాపు అయిపోయింది. కమిషనింగ్ (కొత్త ప్లాంటుని పరీక్షిస్తూ మొదలుపెట్టడం) నుంచి పెర్ఫార్మెన్స్ టెస్ట్ (చెప్పినంత కరెంటు ఇస్తుందో లేదో తేల్చే పరీక్ష) దాకా ఉండి ఈమధ్యే బయటికొచ్చాను. ఇలాంటి చోట ఉద్యోగం వచ్చినవాళ్లూ అడుగుతున్నారు, ఇంటి దగ్గర ఇలాంటి ప్లాంటు వస్తోందని కంగారు పడుతున్నవాళ్లూ అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను. జనం కిక్కిరిసిన పెద్ద నగరం, తడీ పొడీ కలిసిపోయి వచ్చే చెత్త, రోజుకి 600 టన్నులు కాల్చే బాయిలర్, 12 మెగావాట్ల టర్బైన్. ఇంత తెలిస్తే చాలు.

ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పనులకి చెత్తతో సంబంధమే లేదు. ముందు ఫర్నేస్ లోపలి గోడలకున్న రిఫ్రాక్టరీని, అంటే వేడికి తట్టుకునే పూతని, ఆరబెట్టాలి. డీజిల్ బర్నర్లు సన్నగా వెలిగించి, గంటకి పాతిక డిగ్రీలకు మించకుండా వేడి పెంచుతూ, మధ్యమధ్య గంటల తరబడి ఒకే టెంపరేచర్ దగ్గర ఆపుతూ రాత్రీ పగలూ కాపలా కాయాలి. తొందరపడితే లోపలి తడి ఆవిరై గోడ పెచ్చులూడుతుంది. దానికి వారం పట్టింది. తర్వాత ట్యూబుల్లో నూనె జిడ్డు పోవడానికి కెమికల్స్ వేసి నీళ్లు మరిగించడం. ఆ తర్వాత స్టీమ్ బ్లోయింగ్.

పైపుల్లో వెల్డింగ్ ముక్కలు, ఇసుక మిగిలితే టర్బైన్ బ్లేడ్లు దెబ్బతింటాయి. అందుకని ఆవిరిని ప్రెషర్ మీద ఒక్కసారిగా బయటికి వదిలి పైపులు శుభ్రం చేస్తారు. ఆవిరి దారిలో నున్నటి లోహపు పలక బిగించి, దాని మీద ఎన్ని గుంటలు పడ్డాయో లెక్కపెడతాం. గుంటలు పడడం దాదాపు ఆగేదాకా మళ్లీ మళ్లీ వదలాల్సిందే. బొగ్గు ప్లాంటులో ఈ చప్పుడు ఎవరికీ పట్టదు, చుట్టుపక్కల ఊరుండదు. ఇక్కడ ప్రహరీ దాటితే ఇళ్లే. ముందే కరపత్రాలు పంచాం, మైకులో చెప్పించాం. సైలెన్సర్ కూడా ఉంది. అయినా మొదటిసారి వదలగానే బాయిలర్ పేలిందనుకుని జనం గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. రాత్రిపూట ఆపేశాం. నాలుగైదు రోజుల్లో అయ్యే పని రెండు వారాలు సాగింది.

ఏప్రిల్ మొదట్లో చెత్త లారీలు రావడం మొదలైంది. అక్కడి నుంచే నాకు తెలిసిన విద్య పనికిరాకుండా పోయింది.

బొగ్గు వచ్చిందంటే దాని రిపోర్టు కూడా వస్తుంది. కిలోకి మూడున్నర వేల నుంచి నాలుగు వేల కిలో క్యాలరీలు, బూడిద ఇంత, తేమ ఇంత అని. లోడు మారితే కొంచెం తేడా. చెత్తలో అలా కుదరదు. మొదటి వారం మా ల్యాబ్ చేసిన శాంపిళ్లలో చాలావాటికి 1,100 కూడా రాలేదు. సగం బరువు నీళ్లే. కిలో నీళ్లు ఆవిరి కావడానికి 540 కిలో క్యాలరీలకు పైనే కావాలి. అంటే చెత్తలో ఉన్న కాస్త వేడిలో చెప్పుకోదగ్గ వాటా దాని తడి ఆరడానికే సరి. ఇలాంటి ప్లాంట్ల గురించి ప్రపంచ బ్యాంకు 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చెత్త క్యాలరిఫిక్ విలువ, అంటే కాలితే వచ్చే వేడి, ఏ సీజన్లోనూ కిలోకి 6 మెగాజౌళ్లకు తగ్గకూడదని ఉంది. అది దాదాపు 1,430 కిలో క్యాలరీలు. మన ఘన వ్యర్థాల నిబంధనలు 2016లో ఒకసారి వచ్చాయి. వాటిలో, కాల్చి శక్తి తీయాల్సిన చెత్తకి పెట్టిన హద్దు 1,500.

అందుకే లారీ నేరుగా ఫర్నేసుకి వెళ్లదు. పిట్‌లో దించాలి. అది పెద్ద కాంక్రీటు గొయ్యి, అయిదారు అంతస్తుల భవనం నిలబడేంత లోతు. చెత్త అక్కడ ఐదు నుంచి ఏడు రోజులు మాగాలి. లోపల క్రిములు పనిచేసి వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది, అడుగున నల్లటి నీళ్లు దిగుతాయి. వాటిని లీచేట్ అంటారు. వంద టన్నులు దించితే పదిహేను, ఇరవై టన్నులు ఇలా నీళ్లుగా కారిపోవడం మామూలే. వేసవి కాబట్టి మాగిన చెత్త 1,500 దాకా వచ్చింది. దాన్ని కాల్చొచ్చు.

ఏప్రిల్ మూడో వారంలో మొదటి మంట. చెత్తని అగ్గిపుల్ల గీసి వెలిగించరు. ముందు డీజిల్ బర్నర్లతో ఫర్నేసుని 850 డిగ్రీలకి తేవాలి, అప్పుడే చెత్త తోయాలి. వచ్చే పొగ ఆ వేడిలో కనీసం రెండు సెకన్లు ఉండాలి, డయాక్సిన్లు అనే విష రసాయనాలు విరిగిపోవాలంటే అదే రూలు. సాయంత్రం మొదలుపెడితే తెల్లారుజామున చెత్త పడింది. కెమెరాలో చూస్తున్నాం. తోసిన కుప్ప గ్రేట్ (చెత్త కాలే కడ్డీల అరుగు) మీద నల్లగా అలాగే కూర్చుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఆవిరి కక్కుతోందే గానీ మంట లేదు. చైనా నుంచి వచ్చిన గ్రేట్ నిపుణుడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు, మాకేమో టెన్షన్. తర్వాత ఒక మూల ప్లాస్టిక్ అంటుకుంది. అక్కణ్నుంచి పాకుతూ మొత్తం పసుపు రంగు మంట పరుచుకుంది. కంట్రోల్ రూమ్‌లో చప్పట్లు. పొద్దున ఆరింటికి వేడి 780కి పడిపోయింది, బర్నర్లు మళ్లీ పెట్టాం.

ఎందుకు పడిపోయిందో ప్లాంటుని నడిపే కంప్యూటర్ (డీసీఎస్) తెర మీద వెతుకుతున్నాను. గాలి సరిగ్గా ఉంది, పొగని లాగే డ్రాఫ్ట్ సరిగ్గా ఉంది, గ్రేట్ స్పీడు సరిగ్గా ఉంది. పిట్‌లోంచి చెత్తని పంజాతో ఎత్తి వేసే గ్రాబ్ క్రేన్ ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"సార్, మీరు బటన్లు నొక్కకండి. ఇందాక రెండు గ్రాబ్‌లు కొత్త గుట్ట నుంచి వేశాను, పాత గుట్ట అందలేదు. ఇంకో అరగంటలో సర్దుకుంటుంది."

సరిగ్గా అరగంటకి సర్దుకుంది.

అప్పటి నుంచి డ్యూటీ ఎక్కగానే ముందు క్రేన్ క్యాబిన్‌కి వెళ్లేవాణ్ని. పిట్ పైన గాజు అద్దాల గది, కుర్చీకి రెండు వైపులా జాయ్‌స్టిక్‌లు. ఆ ఆపరేటర్ అన్న ఇంతకుముందు పాత ఇనుము యార్డులో క్రేన్ నడిపేవాడు. పిట్‌ని మనసులో మూడు భాగాలు చేసుకున్నాడు. ఒకదాంట్లో లారీలు దించుతాయి, ఇంకోటి మాగుతుంది, మూడోదాన్ని కాలుస్తాం. మాగిన గుట్టని గ్రాబ్‌తో పట్టి, పైకెత్తి, పంజా కొద్దికొద్దిగా తెరుస్తూ విత్తనాలు చల్లినట్టు మళ్లీ కిందికి వదులుతాడు. సంచులు పగిలి తడీ పొడీ కలుస్తాయి. "ఎత్తినప్పుడు నీళ్లు ధారగా కారితే ఇంకా పచ్చిది సార్. చుక్కలు పడితే రేపటికి పనికొస్తుంది. ఏమీ కారకుండా పొగ మాత్రం వస్తే అది వేసెయ్యడమే" అనేవాడు. ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ చెత్త కాలిపోయి ఉంటుంది. అన్న లెక్క మాత్రం ఫర్నేసుకి చెత్త అందించే హాపర్‌లో పడేముందే తెలిసిపోతుంది. ఆ ఏడాది నాకు అర్థమైంది ఇదే: ఈ ప్లాంటులో కరెంటు తయారయ్యేది పిట్‌లో, బాయిలర్ దాన్ని వసూలు చేస్తుంది. ప్లాంటు జీతాల పట్టీ చూస్తే ఈ సంగతి ఎవరికీ తట్టదు.

మే నెలలో టర్బైన్ తిప్పాం. వేగం హద్దు దాటితే టర్బైన్ దానంతటదే ఆగుతుందో లేదో చూసే ఓవర్‌స్పీడ్ ట్రిప్ పరీక్ష అయింది, అన్నీ సిద్ధం. గ్రిడ్‌కి కలపడానికి మీటర్ల టెస్టింగ్ కాగితం ఒకటి రావాలి. దాని కోసం మూడు వారాలు ఆగాం. కరెంటు బయటికి పంపలేం కాబట్టి బాయిలర్ ఆపేశాం. ఇక్కడే ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి తెలిసింది. బాయిలర్ మండడానికి కావలసిన గాలిని పిట్ మీద నుంచే లాగుతారు. అందువల్ల నడుస్తున్నంతసేపూ కంపు లోపలికే పోయి కాలిపోతుంది. ఆపితే గాలి లాగేది ఉండదు, కంపంతా బయటికే. ప్లాంటు నడిస్తే వాసన వస్తుందని కాలనీవాళ్ల భయం. నిజానికి ఆగితేనే వస్తుంది. ఆ మూడు వారాల్లో వచ్చినన్ని ఫిర్యాదులు తర్వాత ఏడాదంతా రాలేదు. "మొదలుపెట్టకముందే ఇలా ఉంటే మొదలుపెట్టాక బతకనిస్తారా" అని ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలదీసింది. ప్లాంటు నడవకపోవడం వల్లే కంపు అని చెబితే ఎవరు నమ్ముతారు?

నెలాఖరుకి కాగితం వచ్చింది. గ్రిడ్‌తో సింక్రనైజ్ చేసిన (కలిపిన) రాత్రి 4 మెగావాట్లు పంపాం. రెండు గంటల తర్వాత ట్రిప్. మర్నాడు మళ్లీ. అలా జూన్ మొదటి వారానికి 9 దాకా వెళ్లాం. అందులో పదిహేను శాతం దాకా మా ఫ్యాన్లు, పంపులు, క్రేనే తినేస్తాయి.

తర్వాత వానలు.

జూన్ చివరికి లారీల వెనక నుంచి నీళ్లు కారుతూ వచ్చేవి. టార్పాలిన్ కప్పమని ఎన్నిసార్లు చెప్పినా కప్పరు. కారణం తూకం దగ్గర కూర్చున్న కుర్రాడు చెప్పాడు. రవాణా కాంట్రాక్టరుకి టన్నుల లెక్కన డబ్బులు. వాన నీళ్లకీ బరువుంది, రోడ్లు ఊడ్చిన ఇసుకకీ బరువుంది, ఇల్లు కూల్చిన ఇటుక ముక్కలకీ బరువుంది. మాకు వేడి కావాలి, వాళ్లకి బరువు కావాలి. కాంట్రాక్టు రాసినవాళ్లు ఈ రెండూ ఒకటే అనుకున్నట్టున్నారు.

జూలైలో శాంపిళ్లు మళ్లీ వెయ్యికి అటూ ఇటూ వచ్చాయి. పిట్ అడుగున నీళ్లు దిగే జాలీలు మట్టితో పూడుకుపోయి లీచేట్ దిగడం ఆగింది. చెత్త ఎన్ని రోజులుంచినా నానుతుందే గానీ మాగదు. 850 నిలబెట్టడానికి బర్నర్లు వెలుగుతూనే ఉండేవి. ఒక రాత్రి 3 మెగావాట్ల మీద నడుస్తుంటే లెక్క వేశాను. పోస్తున్న డీజిల్‌కీ వస్తున్న యూనిట్లకీ చూస్తే, మేం చెత్త నుంచి కరెంటు తీయడం లేదు, డీజిల్ పోసి చెత్త ఆరబెడుతున్నాం. పొద్దున మీటింగులో ఆ కాగితం ముందు పెట్టాను. ఎవరూ కాదనలేదు, ఆపమనీ అనలేదు. ఆపితే నగరంలో చెత్త ఎక్కడ పోయాలన్నది వేరే సమస్య. ఢిల్లీలో తిమార్‌పూర్ దగ్గర 1987లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకి 300 టన్నుల ప్లాంటు కట్టారు. డిజైన్‌లో అనుకున్న వేడి అసలు చెత్తలో లేక మూడు వారాలకే మూతపడింది. మా సీనియర్ ఒకాయన ఆ కథ రోజూ చెప్పేవాడు, అదీ నైట్ షిఫ్టులో.

మమ్మల్ని గట్టెక్కించినవి చిన్న పనులే. పిట్ అడుగు జాలీలు మనుషుల్ని దింపి శుభ్రం చేయించాం. దిగే ముందు గ్యాస్ మీటరుతో పరీక్ష, నడుముకి తాడు, పైన కాపలా. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, ఇక్కడ ఆటలు పనికిరావు. దించే చోట షెడ్డు పొడిగించాం. కూరగాయల మార్కెట్ చెత్తని మాకు పంపకుండా బయోగ్యాస్ యూనిట్‌కి మళ్లించమని మున్సిపాలిటీని అడిగితే కొంత మళ్లించారు. దాదాపు అంతా నీళ్లే ఉండే ఆ చెత్త మాకు శత్రువు, వాళ్లకి సరుకు. అలా ఆగస్టులో మళ్లీ 7 మెగావాట్లకి చేరాం.

చెత్తలోంచి కాల్చకూడనివి తీసేసే ఏరివేత బెల్ట్ మీద పనికి చేరినవాళ్లలో కొందరు ఇంతకుముందు డంపింగ్ యార్డులో చెత్త ఏరుకుని బతికినవాళ్లు. యార్డుకి లారీలు తగ్గేసరికి వాళ్ల బతుకుతెరువు పోయింది. అందరికీ ఇక్కడ పని దొరకలేదు, అది చెప్పకుండా దాటేయడం అన్యాయం. వాళ్లలో ఒకావిడ ప్లాస్టిక్ ముక్కని వేళ్లతో నలిపి చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు బట్టి ఏ రకమో చెప్పేసేది. "ఇది మీకు వద్దు సారూ, పైపు సరుకు" అని పీవీసీ పక్కన పడేసేది. ఎందుకు వద్దో నేనే చెప్పాను ఆమెకి. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది, కాలితే ఆమ్లమై ట్యూబుల్ని తినేస్తుంది. బొగ్గు బాయిలర్లలో ఆవిరి 540 డిగ్రీల దాకా వెళ్తే ఇక్కడ 400 దగ్గర ఆపేది అందుకే. పొగలో ఆ ఆమ్లాన్ని పట్టుకోవడానికి సున్నం పొడి చల్లాలి. బెల్ట్ మీద ఆవిడ షిఫ్టు ఉన్న రోజు సున్నం ఖర్చు తగ్గేదని మా స్టోర్స్ అతను అనేవాడు. నేను లెక్క తీయలేదు గానీ నమ్ముతాను.

సెప్టెంబరులో బాయిలర్ ఆపి లోపలికి వెళ్లాం. చల్లారడానికే మూడు రోజులు. మ్యాన్‌హోల్‌లోంచి దూరి లైటు వేస్తే గోడల నిండా గాజులా కరిగి గట్టిపడ్డ క్లింకర్, కొన్నిచోట్ల మనిషి మందాన. పరుపు స్ప్రింగులు, సైకిల్ చైను, వైర్లు అన్నీ ముద్దగా బూడిద తీసే మెషీన్లో ఇరుక్కున్నాయి. గ్రేట్ కడ్డీల సందుల్లో అల్యూమినియం కరిగి కారి, కింద గడ్డకట్టి వేలాడుతోంది. సుత్తి, ఉలితో కొట్టి తీశారు. అడుగు బూడిదలో నాణేలు కూడా దొరికాయి, నల్లబడి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి. కుర్రాళ్లు వాటి కోసం పోటీ పడ్డారు. కాల్చాక పరిమాణంలో పదో వంతే మిగులుతుందని బ్రోషర్లలో రాస్తారు, అది నిజమే. బరువులో మాత్రం పావు వంతు దాకా బూడిదే. మట్టి, ఇటుక ఎక్కువొస్తే ఇంకా ఎక్కువ. అడుగు బూడిద ఒక తీరు. పొగని వడకట్టే బ్యాగ్ ఫిల్టర్లో పట్టుకున్న సన్నటి ఫ్లై యాష్ ప్రమాదకర వ్యర్థం, దాన్ని ప్రత్యేకంగా పాతిపెట్టాలి. ఆ ఖర్చు మేం ముందు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువైంది.

అక్టోబరులో డయాక్సిన్ పరీక్ష. చిమ్నీ పైన సన్నటి ప్లాట్‌ఫామ్ మీద ల్యాబ్ మనుషులు రోజంతా నిలబడ్డారు. ఒక్క శాంపిల్‌కే ఆరు నుంచి ఎనిమిది గంటలు. రిపోర్టు నెల దాటాక వచ్చింది. ఘనపు మీటరుకి 0.1 నానోగ్రాముల హద్దు, దాని లోపలే ఉన్నాం. కాలనీ సంఘం వాళ్లని పిలిచి చూపించారు. వాళ్లలో ఒకాయన గేటు బయట డిస్‌ప్లే బోర్డు సంగతి అడిగాడు. అందులో దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఎప్పటికప్పుడు కనిపిస్తాయి, డయాక్సిన్ కనిపించదేమని. అది అలా నిమిషనిమిషానికీ కొలిచేది కాదని చెప్పాం. "అయితే కొలిచిన రోజు బాగుంది. మిగతా రోజుల సంగతి?" అన్నాడు. మా మేనేజర్ ఏదో చెప్పబోయి ఆగాడు. నేను ఉన్నది చెప్పాను: 850 డిగ్రీలు నిలబడి, కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉంటే మంట బాగున్నట్టు. ఆ రెండూ తప్పిన గంటలు ఎన్నో రికార్డులో ఉంటాయి, అడిగి తీసుకోండి అని. జూలై గంటలు కూడా అందులో ఉన్నాయి. మేనేజర్ నాతో వారం మాట్లాడలేదు.

డిసెంబరులో పెర్ఫార్మెన్స్ టెస్ట్. పొడి వాతావరణం, మాగిన చెత్త, రోజుల తరబడి ముందే కలిపి పెట్టుకున్న పిట్. ట్రిప్ లేకుండా నడిచింది, 11 మెగావాట్లు దాటింది, పాసయ్యాం. టన్నుకి నికరంగా 350 యూనిట్లకి పైనే వచ్చినట్టు. ఆ సర్టిఫికెట్‌లో అంకె అబద్ధం కాదు, కానీ అది డిసెంబరు అంకె. ఏడాది సగటు అందులో సగానికి కొంచెం పైన.

ఇలాంటి ప్లాంటులో చేరబోతుంటే ఇంటర్వ్యూలోనే జూలై, ఆగస్టు నెలల క్యాలరిఫిక్ రిపోర్టులు చూపించమనండి. వేసవివి చూపిస్తే మళ్లీ అడగండి. హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు చేరకముందే వేయించుకోండి, కంపెనీ వేయించేదాకా ఆగొద్దు. డ్యూటీ బట్టలు ప్లాంటులోనే ఉతికించే ఏర్పాటు ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఇంట్లో వాటికి వేరే బకెట్ పెట్టుకోవాలి. వాసన నెల రోజుల్లో అలవాటైపోతుంది. మనకి అలవాటవుతుంది గానీ మనతో పాటు బస్సెక్కినవాళ్లకి కాదు. ఇంటి దగ్గర ప్లాంటు వస్తున్నవాళ్లు చిమ్నీ ఎత్తు ఎంత అని అడగడం కంటే, బాయిలర్ ఆగిన రోజుల్లో పిట్ గాలి ఎక్కడికి పోతుంది, దానికి కార్బన్ ఫిల్టర్ పెట్టారా అని అడిగితే మేలు. మాకు ఆ ఫిల్టర్ రెండో ఏడాది బడ్జెట్‌లో వచ్చింది.